పంటి పింగాణి: పుట్టుక, ప్రయోగశాల

పాత పత్రికల సంపుటములు వెదకవలసి వచ్చినపుడెల్ల మాకు వేటపాలెము పోవు పని తగులును. 1918లో నెలకొల్పబడి, 1929లో గాంధీమహాత్ముని చేతిమీదుగా భవనమునకు శంకుస్థాపన జరిగిన సారస్వత నికేతనము ఆ యూరిలో నున్నది గదా. మొన్నటి వేసవిలో పోయినపుడు వెదకిన సంచిక దొరకలేదు. దానికి బదులు ఒక ప్రశ్న దొరికినది. ఈ ప్రసంగము ఆ ప్రశ్నకు మేము ఇచ్చుకొన్న జవాబు.

ఆ మధ్యాహ్నము మాకు ఆతిథ్యమిచ్చినవారు డెబ్బది దాటిన ఒక నేతపని పెద్దాయన. పళ్ళెములో వేయించిన జీడిపప్పు పోసి మా ముందు పెట్టిరి. వేటపాలెము జీడిపప్పును గూర్చి మేము చెప్పనక్కరలేదు. మమ్ము తినుమని, తాము మాత్రము ఒక పలుకు తీసికొని, వ్రేళ్ళ నడుమ నలిపి పొడిచేసి నోట వేసికొనిరి. పిమ్మట ఇట్లడిగిరి:

"ఏమండీ, మీరు రేడియోవారు, డాక్టర్ల చేత మాట్లాడిస్తుంటారు గదా. ఒక్క సంగతి చెప్పండి. వేలు తెగితే మానుతుంది. ఎముక విరిగితే అతుకుతుంది. గోరు తీస్తే పెరుగుతుంది. మరి పన్ను అరిగితే ఎందుకు పెరగదండీ?"

మేము తడబడితిమి. ఇంతలో పదేండ్ల మనుమడు గడపదగ్గరకు వచ్చి నిలిచెను. "నాదేముందిలెండి, కాటికి కాళ్ళు చాపుకొన్నవాణ్ణి. వీణ్ణి చూడండి. మా అమ్మాయిని కనిగిరి అవతల ఇచ్చాము. సెలవులకని వచ్చాడు. నవ్వరా అబ్బాయ్, పెద్దవాళ్ళు చూస్తారు" అనిరి. బాలుడు నవ్వలేదు. నోటికి చేయి అడ్డము పెట్టుకొనెను. ఎట్టకేలకు తాతగారి బుజ్జగింపునకు లోబడి చేయి తీసినపుడు చూచితిమి. పై వరుస ముందుపండ్లపై సుద్దముక్కవంటి తెలుపు మచ్చలు, వాటి నడుమ గోధుమరంగు చారలు. బడిలో తోటిపిల్లలు వెక్కిరింతురట. తల్లి ఇటుకపొడితో ఒకనాడు, బొగ్గుపొడితో ఒకనాడు, చిగుళ్ళు చెమర్చునట్లు తోముచున్నదట. "తోమితే పోవాలి గదండీ?" అని పెద్దాయన రెండవ ప్రశ్న వేసిరి.

తోమిన పోదు. ఆమాట ఆనాడే చెప్పగలిగితిమి. ఎందుకు పోదో చెప్పుటకు మాత్రము తిరిగి వచ్చి నాలుగు పుస్తకములు తిరుగవేయవలసి వచ్చినది. తాతగారి ప్రశ్నకును, మనుమని పండ్లకును జవాబు ఒక్కచోటనే, ఒక్క పదార్థమునందే ఉండుట చూచి మాకే ఆశ్చర్యము కలిగినది.

పంటిపై తెల్లగా, నున్నగా కనబడు పొరకు మన పాఠ్యపుస్తకములలో పింగాణి యని పేరు. దంతవైద్యులు ఎనామెల్ అందురు. మానవ శరీరమునందు దానికంటె కఠినమైన పదార్థము వేరొకటి లేదు. ఎముక బరువులో ఖనిజభాగము సుమారు మూడింట రెండు వంతులు. పింగాణి బరువులోనో, నూటికి 96 వంతులు ఖనిజమే. కాల్షియము, భాస్వరము కలిసి యేర్పడిన సన్నని స్ఫటికములు దారపు పోగులవలె పొడవుగా సాగి, వేలకొలది కట్టలు కట్టుకొని యుండును. మిగిలిన కొద్దిపాటి వంతులో నీరు, లేశమాత్రము జీవపదార్థము. నమలుపండ్ల కొనలపైన సైతము ఈ పొర మందము రెండున్నర మిల్లీమీటర్ల ప్రాంతమే. అంత పలుచని పొర చెరకుగడకు, వేరుసెనగకాయకు, అప్పుడప్పుడు అన్నములో తగులు రాతికి ఎదురునిలిచి అరువది డెబ్బది యేండ్లు మనుచున్నది.

దీనిని కట్టు కణములు ప్రత్యేకముగా కలవు. పన్ను ఇంకను చిగురు క్రింద, దవుడలోపల, మొలకగా ఉన్న కాలముననే అవి వరుసతీరి పని మొదలుపెట్టును. దినమునకు సుమారు నాలుగు మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో 250వ వంతు మాత్రమే కట్టుచు పోవును. చెట్టుమానిలోని వలయములవలె ఆ పనిదినముల గుర్తులు పింగాణిలో గీతలుగా నిలిచిపోవును. పాలపండ్లలోనైతే శిశుజనన సమయము కూడ ఒక గీతగా పడియుండును. సిద్ధాంతిగారు జాతకచక్రము వేయకమునుపే పంటిలో జన్మదినము వ్రాయబడినదన్నమాట!

ఆ కణములు మొట్టమొదట స్రవించునది మెత్తని మాంసకృత్తుల ముద్ద. అందులో నూటికి 90 వంతులు ఒకే మాంసకృత్తు. దాని పేరు అమెలోజెనిన్. మనిషి శరీరములో తయారగు రూపమున ఇది 175 ఎమైనో ఆమ్లముల గొలుసు. మాంసకృత్తుల లోకములో చిన్నదనియే చెప్పవలెను. అమెలోబ్లాస్టిన్, ఎనామెలిన్ అను మరి రెండు దీనికి తోడు. ఈ ముద్దలోపలనే సన్నని స్ఫటికములు పొడవుగా మొలచును. పిమ్మట రెండు ఎంజైములు వచ్చును. మొదటిది అమెలోజెనినును ముక్కలుగా కత్తిరించును. రెండవది ఆ ముక్కలను మరింత చిన్నవిగా నరుకును. నరికిన తునకలు తొలగిపోయిన మేర స్ఫటికములు లావెక్కి ఒకదానినొకటి ఒరసికొని, రాయివలె గట్టిపడును.

నేతగారి ఇంట పుట్టిన ప్రశ్న గనుక నేతపనినుండియే పోలిక తెత్తుము. వేటపాలెము, చీరాల వీధులలో పడుగు చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుట చూచినవారికి ఇది సులభముగా బోధపడును. గంజి పెట్టనిచో పోగులు మగ్గముపై ఒరిపిడికి తెగిపోవును. కాని గంజి బట్టలో శాశ్వతముగా ఉండవలసినది కాదు. నేత ముగిసిన పిదప ఉతుకునకు పోవలెను. గంజి సరిగా వదలని బట్టకు రంగు వేసినచో ఏమగును? ఒకచోట రంగు పట్టును, ఒకచోట పట్టదు. మచ్చలు తేలును. అమెలోజెనిన్ పంటికి గంజి వంటిది. ఉండవలసిన నాళ్ళు ఉండవలెను, పోవలసిన నాడు పోవలెను. ఈ మచ్చల మాటను శ్రోతలు కొంతసేపు గుర్తుంచుకొందురు గాక.

ఇక తాతగారి మొదటి ప్రశ్న. పన్ను చిగురు చీల్చుకొని నోటిలోనికి వచ్చునప్పటికి పింగాణి కట్టిన కణములు నశించిపోవును. చర్మమునకు, ఎముకకు మరమ్మతు చేయు కణములు జీవితాంతము పక్కనే కాచుకొని యుండును. పింగాణికి ఆ భాగ్యము లేదు. ఉమ్మినీటిలోని ఖనిజములు పైపై గరుకుదనమును కొంత సవరింపగలవు గాని, అరిగిన మందమును తిరిగి కట్టలేవు.

కట్టిన కణములు లేవు, కట్టుటకు వాడిన మాంసకృత్తు లేదు. అట్లగుటచే ఈ నిర్మాణమెట్లు జరిగినదో పరిశోధింపగోరువారికి పెద్ద చిక్కు వచ్చిపడినది. పెరిగిన పన్నును ఎంత పొడిచేసినను చాలినంత అమెలోజెనిన్ రాదు. దవుడలో పెరుగుచున్న పన్ను కావలెను. మనుషుల బిడ్డలనుండి అట్టిది తీయరాదు గదా! అందుచేత చాలకాలము పందిపిల్లల, దూడల దవుడలలోని పంటిమొలకలనుండి దానిని తీయుచు వచ్చిరి. పందిపండ్లనుండి తీసిన మాంసకృత్తుల మిశ్రమమును 1990 దశకమునుండి చిగుళ్ళ జబ్బుల చికిత్సలో వాడుటయు కలదు. కాని పరిశోధనకు మిశ్రమము చాలదు. అందులో పూర్తి గొలుసులు, తెగిన ముక్కలు, తోటి మాంసకృత్తులు అన్నియు కలగాపులగముగా నుండును. ఏ పని దేనివలన జరిగినదో తేల్చుట కష్టము. పైగా అది పందిది, మనిషిది కాదు.

ఇక్కడ అక్కరకు వచ్చినది జన్యువులను అతుకు విద్య. మాంసకృత్తు ఎట్లు కూర్చవలెనో చెప్పు ఆజ్ఞాపత్రము జన్యువు. మనిషి అమెలోజెనిన్ జన్యువు నకలును ఒక చిన్న డీఎన్ఏ వలయములో అతికి, మన ప్రేగులలో నివసించు జాతికే చెందిన ఎషరీషియా కోలై అను సూక్ష్మజీవిలో ప్రవేశపెట్టుదురు. ఆ సూక్ష్మజీవికి పండ్లు లేవు, పింగాణితో పని లేదు. అయినను పత్రములో వ్రాసియున్నది గనుక చదివి కూర్చును. అది గంటకు రెండు మూడు తరములుగా పెరుగును. పోషకద్రవము నింపిన పాత్రలో ఒక్క రాత్రి పెంచినచో కోట్లానుకోట్ల చిరుకర్మాగారములు సిద్ధమగును.

ఈ విద్య మన యిండ్లకు క్రొత్తది కాదు. చక్కెరజబ్బువారు పుచ్చుకొను మానవ ఇన్సులిన్ ఇట్లు తయారై 1982లో అమెరికాలో అనుమతి పొందినది. హైదరాబాదునందు శాంతా బయోటెక్నిక్స్ వారు 1997లో విడుదల చేసిన కామెర్ల టీకా, అనగా హెపటైటిస్-బి టీకా, ఈస్టు కణములలో ఈ విధముగనే పెంచిన మాంసకృత్తు. మన పిల్లల భుజములో ఈ విద్య ఒక సూదిపోటుగా దిగియే యున్నది.

పంటి మాంసకృత్తు విషయమున ఎలుక అమెలోజెనినును సూక్ష్మజీవులచే తయారుచేయించి శుద్ధిచేసిన సంగతి 1994లో ప్రకటితమైనది. మానవ రూపము కూడ పిమ్మట వచ్చినది. సూక్ష్మజీవి గొలుసులోని మొదటి ఆమ్లమును త్రుంచివేయుటచే ప్రయోగశాలలో దొరకు మానవ అమెలోజెనినుకు 175కు మారుగా 174 ఆమ్లములు ఉండును.

తయారైన దానిని సూక్ష్మజీవినుండి వేరుచేయు పద్ధతి వినుటకు వింతగా నుండును. వంటింటి తల్లులు దీనిని మాకంటె బాగుగా గ్రహింతురు. మరుగుచున్న పాలలో నిమ్మరసము పిండినచో విరిగి ముద్దగట్టును. మాంసకృత్తులలో పెక్కింటి స్వభావమది. వేడి, పులుపు తగిలిన పాడై గడ్డకట్టును. అమెలోజెనిన్ ఇందుకు తిరుగుబాటుదారు. మామూలు నీటిలో ముద్దగట్టుటకు చూచును గాని, పులుపులో హాయిగా కరగును. స్వీడను దేశములోని లుండ్ విశ్వవిద్యాలయమువారు 2012లో ప్రకటించిన పద్ధతిలో సూక్ష్మజీవులను నూటికి 3 పాళ్ళ ఎసిటిక్ ఆమ్లములో, అనగా ఇంటి వినెగరుకంటె కొంచెము పలుచని పులుపులో, కలిపి 80 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి తెత్తురు. సూక్ష్మజీవి సొంత మాంసకృత్తులు చాలవరకు విరిగి అడుగున పడును. అమెలోజెనిన్ పైతేటలో నిలుచును. ఖరీదైన యంత్రములు చేయవలసిన వడపోతలో పెద్దభాగము ఒక పులుసుగిన్నె చేసిపెట్టినట్లయినది!

ఇట్లు ఎండబెట్టి సీసాలలో ఉంచిన తెల్లని పొడి ఎందులకు? ముఖ్యముగా చూచుటకు. 1994, 1995 సంవత్సరములలో లాస్‌ఏంజలిస్ నగరమునందలి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు సూక్ష్మజీవులచే చేయించిన ఈ మాంసకృత్తును తగిన ద్రవములో ఉంచి ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూడగా, అణువులు తమంతట తామే గుంపులు కట్టి చిన్నిచిన్ని గోళములైనవి. గోళపు వ్యాసము సుమారు 20 నానోమీటర్లు. అట్టివి 50 వేలు ప్రక్కప్రక్కన పేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. పెరుగుచున్న నిజమైన పింగాణిలోను అట్టి గోళములు కానవచ్చినవి. స్ఫటికములు అడ్డముగా అతుకుకొనక పొడవుగా సాగుటకు ఇట్టి కూడికలే దారిచూపుచున్నవని అప్పటినుండి ఒక వాదము సాగుచున్నది. గోళములా, రిబ్బనులా, ఏది ముఖ్యమను విషయమున పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. ఏకాభిప్రాయము లేనిచోటనే ప్రయోగము జరుగును గనుక మాకు అది లోపముగా తోచలేదు.

ఒక హెచ్చరిక. సూక్ష్మజీవి చేసిన మాంసకృత్తు మనిషిదానికి అచ్చుగుద్దిన నకలు కాదు. మన కణములు గొలుసులో 16వ స్థానమునందు ఒక ఫాస్ఫేటు మొటిమను తగిలించును. సూక్ష్మజీవి తగిలింపదు. ఆ చిన్న భేదమువలన ఖనిజము పెరుగు తీరు మారునని ప్రయోగములు చూపినవి. మంచి పరిశోధకుడు తన ఫలితమును చెప్పునపుడు ఈ సంగతి మరువడు. పత్రికాప్రకటనలు వ్రాయువారు సాధారణముగా మరతురు. అమెలోజెనిన్ తునకలతో పంటిపై పలుచని ఖనిజపుపొర పెంచు ప్రయత్నములు ప్రయోగశాలలలో కొంత ఫలించినమాట నిజమే. అంతమాత్రమున అరిగిన పన్ను తిరిగి మొలచునని ఏ డబ్బాపైనైన వ్రాసియున్నచో నమ్మి డబ్బు పోగొట్టుకొనవద్దని మనవి.

ఈ మాంసకృత్తు జన్యువును గూర్చి మన హైదరాబాదు సంగతి ఒకటి చెప్పక ముందునకు పోలేము. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఒకటి, వై క్రోమోజోముపై ఒకటి కలదు. రెండింటికి పొడవులో చిన్న తేడా. కనుక నేరపరిశోధకులు ఒక రక్తపుచుక్క స్త్రీదో పురుషునిదో తెలియుటకు ప్రపంచమంతట దీనినే చూతురు. రెండు పొడవులు కనబడిన పురుషుడు, ఒకటే కనబడిన స్త్రీ. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు తంగరాజ్, రెడ్డి, లాల్జీసింగ్ గారలు 2002లో 270 మంది భారతీయ పురుషుల నమూనాలు పరీక్షింపగా 5గురిలో వై క్రోమోజోముపై ఆ భాగమే లేదు. అనగా పరీక్ష వారిని స్త్రీలుగా లెక్కించును! ఈ ఒక్క గుర్తునే నమ్మి తీర్పు చెప్పరాదని వారు హెచ్చరించిరి. పంటికి సంబంధించిన జన్యువు ఒకటి న్యాయస్థానములో సాక్షిగా నిలుచుట, ఆ సాక్ష్యములోని లొసుగు మన నగరమునందు బయటపడుట మాకు ముచ్చట గొలిపినది.

మనుమని పండ్లకు వత్తము. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములు నాటి నెల్లూరు జిల్లాలోనివి. 1937లో షార్టు అను వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలోని ఫ్లోరైడు వ్యాధిని గూర్చి ప్రకటించిన వ్యాసము ఈ ప్రాంతమును వైద్యప్రపంచమునకు ఎరుకపరచినది. పండ్ల మచ్చలు వ్యాధికి మొదటి మెట్టు మాత్రమే. ఏండ్ల తరబడి అట్టి నీరు త్రాగినవారికి వెన్నెముక బిగిసిపోవుటయు, నడుము వంగుటయు సంభవించును. నల్లగొండ వ్యథ అందరెరిగినదే. నేలలోని రాతినుండి బావినీటిలోనికి దిగు ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ హద్దు పెట్టినది. కొద్దిపాటి ఫ్లోరైడు పుచ్చుపండ్లను అడ్డగించును. మితిమీరినది అదే పంటిని చెరచును.

ఎట్లు చెరచును? మచ్చపడిన పింగాణిని పరిశీలించినవారికి తెలిసినదేమన, పోవలసిన అమెలోజెనిన్ పోవలసిన కాలమున పోవుటలేదు. ఎంజైముల పని మందగించుచున్నదా, కణములే దెబ్బతినుచున్నవా అను విషయము పూర్తిగా తేలలేదు. దీనిని తేల్చుటకే పైన చెప్పిన శుద్ధమైన మాంసకృత్తు పనికివచ్చుచున్నది. దానిని, కత్తిరించు ఎంజైమును, లెక్కగట్టిన ఫ్లోరైడును ఒక గాజుగొట్టములో చేర్చి, ఏది దేనికి అడ్డుపడుచున్నదో ఒక్కొక్కటిగా చూడవచ్చును. బిడ్డ దవుడలో చూడలేనిది గాజుగొట్టములో చూచుచున్నారన్నమాట. ఫలితము మాత్రము స్పష్టము. గంజి వదలని చోట బట్టకు రంగు మచ్చలుగా పట్టినట్లు, మాంసకృత్తు నిలిచిపోయిన చోట పింగాణి గుల్లబారి సుద్దవలె తెల్లబడును. పన్ను నోటిలోనికి వచ్చిన తరువాత ఆ గుల్లలలో రంగు దిగి గోధుమచార యగును.

అందుచేత ఇటుకపొడి పనికిరాదు. మచ్చ పైన అంటుకొన్నది కాదు, కట్టడములోనే ఉన్నది. గరుకుపొడితో తోముటవలన ఇక ఎన్నటికిని తిరిగి రాని మంచి పింగాణియే అరిగిపోవును. మచ్చలను తగ్గించుటకు, కప్పుటకు దంతవైద్యులవద్ద ఉపాయములు కలవు.

ఈ సమాచారమంతయు కూర్చుకొని పెద్దాయనకు టెలిఫోను చేసితిమి. ఆ బాలునికి తోబుట్టువులెవరైన కలరా యని అడిగితిమి. మూడేండ్ల చెల్లెలు కలదనిరి. మేము చెప్పదలచిన ముఖ్యవిషయము అదియే. జ్ఞానదంతములు విడిచినచో, స్థిరమైన పండ్ల పింగాణి సుమారు ఎనిమిదేండ్లలోపున దవుడలోపలనే ముగియును. ముందుపండ్లది ఇంకను ముందే. అన్నగారి పండ్ల నేత ముగిసినది. చెల్లెలి పండ్లు ఇంకను మగ్గముమీదనే ఉన్నవి. ఆ పాప నేడు త్రాగు నీరు రేపటి పంటిలో కనబడును. కాచినంత మాత్రమున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించిన నల్లగొండ పద్ధతిలో పటిక, సున్నము కలిపి తేర్చవచ్చును, గాని పాళ్ళు తెలిసి చేయవలెను. రివర్స్ ఆస్మాసిస్ యంత్రపు నీరు సులభమైన మార్గము. త్రాగుటకే గాక అన్నము వండుటకు కూడ ఆ నీటినే వాడవలెనని చెప్పితిమి.

పది దినముల పిమ్మట పెద్దాయనయే పిలిచిరి. "ఇటుకపొడి డబ్బా మా అమ్మాయి పెరట్లో పారబోసిందండీ. నీళ్ళక్యాను వంటకు కూడా వాడుతున్నారు, ఖర్చేననుకోండి. అబ్బాయిని ఒంగోలు డాక్టరు దగ్గరికి తీసుకుపోతారట" అనిరి. కొంచెము ఆగి, "అయితే మా పళ్ళు కట్టిన మేస్త్రీలు మేము పాలు తాగే రోజుల్లోనే వెళ్ళిపోయారన్నమాట" అని నవ్విరి.

చివరకు ఇంకొకమాట అడిగిరి. "ఇంతకీ మీరు వెతుక్కొంటున్న ఆ పత్రిక దొరికిందా?"

దొరకలేదు. మరల వేటపాలెము పోవలసియున్నది.